గుమ్మానికి అడ్డం పడుకున్న దొర

ఆ మొదటి బన్ను ముక్క అతను ఎందుకు వేసినట్టు?

కుక్క చేసిన పని ముచ్చటేసి వేశాడా, చేతిలో ఉంది కదా అని వేశాడా, లేక ఏం చేస్తున్నాడో తెలిసే వేశాడా? ఈ కథని ఎన్నిసార్లు మనసులో తిప్పుకున్నా నాకు అక్కడే ముడి పడుతుంది. అతన్నే అడిగినా చెప్పగలిగేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషి. తన గురించి చెప్పమంటే పక్కనున్న కుర్చీ గురించి చెప్పేవాడు.

వీధిలో అందరూ అతన్ని కుర్చీలాయన అనేవాళ్ళు. పేము కుర్చీలకి అల్లిక వేయడం అతని పని. మేడ మెట్ల కింద రెండు అద్దె గదులు. ముందుది పని గది, వెనకది వంటకీ పడకకీ. ముందు గదిలో నీళ్ళ తొట్టి, అందులో నానుతున్న పేము చీలికలు, బల్ల మీద చెక్క మేకులు, వంకర సూది, చిన్న సుత్తి. మిగిలిన చోటంతా కుర్చీలే. కుర్చీ మీద కుర్చీ బోర్లించి కప్పు దాకా పేర్చి ఉండేవి. చిరిగిన పాత అల్లిక కోసి పారేసి, చట్రం చుట్టూ ఉన్న బెజ్జాల్లో పేరుకున్న దుమ్ము పొడిచి తీసి, నానిన చీలికని నిలువుగా, అడ్డంగా, మళ్ళీ ఐమూలగా లాగుతూ అల్లేవాడు. తడి మీద మెత్తగా ఉండే అల్లిక ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. ఆరాక గోటితో కొడితే డోలులా మోగాలి. మోగకపోతే విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఇంటినిండా కుర్చీలు. కూర్చునేవాళ్ళే లేరు. జనం వచ్చేవాళ్ళు, చిరిగిన కుర్చీ గుమ్మంలో దింపేవాళ్ళు.

"ఎప్పుడు రమ్మంటారు?"

"ఎల్లుండి."

ఎల్లుండి వచ్చేవాళ్ళు, కుర్చీ ఎత్తుకుని పోయేవాళ్ళు. చాలా రోజులు అతను మాట్లాడిన మాటల్లో సగం 'ఎల్లుండే'. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డొచ్చింది. తర్వాత పెళ్ళి మాటే రావడం మానేసింది. అలా ఒంటికాయ సొంటికొమ్ములా ఉండిపోయాడు. ఊరికి అటు చివర ఉన్న అక్క సెలవు రోజున వచ్చి, వండుకొచ్చిన డబ్బాలు బల్ల మీద పెట్టి, ఇల్లు ఊడ్చి, నాలుగు చివాట్లు పెట్టి వెళ్ళేది. రోజూ వచ్చేవాడు ఒక్కడే, ఎదురు వరసలో దర్జీ. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఇతను వాణ్ణి 'కత్తెరా' అనేవాడు, వాడు ఇతన్ని 'కుర్చీ' అనేవాడు. సాయంత్రం కొట్టు కట్టేశాక వచ్చి, కొత్తగా అల్లిన కుర్చీలో తానే ముందు కూర్చుని, "మోగుతోందిరా" అని తీర్పు చెప్పి, టీ తాగి, ఎవరి మెడ ఎంత లావైందో, ఎవరి కోటు ఎవరికి సరిపోవడం లేదో చెప్పి నవ్వించి, "సరే మరి" అని లేచేవాడు. వాడు వెళ్ళాక ఆ కుర్చీని అతను వెంటనే వరసలో పెట్టేవాడు కాదు. పడుకోబోయే ముందు పెట్టేవాడు.

దర్జీకి ఇదంతా తెలియదు. "సరే మరి" అన్నప్పుడు అతనెప్పుడూ తల ఊపడం తప్ప మరో మాట అనలేదు.

కుక్కని తెచ్చింది బావ. లారీ నడిపేవాడు, కొండల వైపు గొర్రెల మందల్ని ఎక్కించి దింపే పని. అక్కడ ఒక గొర్రెలాయన దగ్గర కుక్క ఈనితే, అందరూ ఏరుకోగా మిగిలిన పిల్లని అన్నం బుట్టలో పెట్టుకొచ్చాడు. నల్లటి ఒళ్ళు, తెల్లటి రొమ్ము.

"నీకు మాట్లాడ్డం రాదు, దీనికీ రాదు. ఇద్దరికీ బాగా కుదురుతుంది," అన్నాడు బావ.

గోనె పరిచి నేల మీద పడుకోబెడితే ఆ పిల్ల ఒప్పుకోలేదు. అప్పుడే ఆరిన కుర్చీ ఎక్కి కాలు మీద కాలు వేసుకున్నట్టు పడుకుంది. "అబ్బో, దొరగారు!" అంది అక్క. అదే పేరైంది.

దొర పెరిగాడు. ఆరబెట్టడానికి కుర్చీల్ని బయట అరుగు మీద వరసగా పెడితే వాటి చుట్టూ తిరిగేవాడు. ఎవరైనా వచ్చి ఒక కుర్చీ పట్టుకుపోతే, మిగిలినవాటిని చుట్టి చుట్టి వచ్చి, మూలిగి, అతని మొహంలోకి చూసేవాడు. "పోనీలేరా, అది వాళ్ళదే," అని చెప్పేవాడతను. పెంచుకునే కుక్కని గారం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇతను మాత్రం కుక్కకి జవాబుదారీగా ఉండేవాడు.

ఒక వాన సాయంత్రం దర్జీ టీ గ్లాసు కింద పెట్టి "సరే మరి" అన్నాడు. ఎక్కడో కుర్చీల వెనక ఉన్న దొర మెరుపులా వచ్చి, గుమ్మానికి అడ్డం పడుకుని, గడ్డం నేలకి ఆనించి, రెప్ప వేయకుండా చూశాడు. దర్జీ ఎడమకి జరిగితే ఎడమకి, కుడికి జరిగితే కుడికి. చివరికి దర్జీని వెనక్కి వెనక్కి నడిపించి కుర్చీ దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు.

"ఒరేయ్ కుర్చీ! నీ దొర నన్ను గొర్రె అనుకుంటున్నాడ్రా!"

"అనుకోవడం దేనికి?" అన్నాడతను.

అతను అంత పెద్ద హాస్యం ఆడటం దర్జీ ఎప్పుడూ వినలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, కూర్చున్నాడు. మళ్ళీ టీ పెట్టారు. వాన తగ్గింది, అయినా మాటలు సాగాయి. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పంతులుగారి గొడుగు దాచిన సంగతి బయటికొచ్చింది. ఎవరు దాచారో ఇప్పటికీ తేలలేదని వాదించుకున్నారు. దర్జీ వెళ్ళాక అతను బల్ల మీద మిగిలిన బన్ను తుంచి దొరకి వేశాడు.

ఆ ముక్క దగ్గరే నేను ఆగిపోతానని చెప్పాను కదా.

మర్నాడూ దొర గుమ్మానికి అడ్డం పడుకున్నాడు. మర్నాడూ ముక్క పడింది. కొన్నాళ్ళకి అది ఆ ఇంటి పద్ధతైపోయింది. "దొరగారి అనుమతి తీసుకున్నావా?" అని దర్జీ తనని తనే అడుక్కునేవాడు. అక్క చెప్పులేసుకోబోతే దొర వచ్చి చెప్పుల మీద కూర్చునేవాడు. "వాడు వద్దంటున్నాడక్కా," అనేవాడు తమ్ముడు. అక్క కూలబడి, విసుక్కుంటూనే, అతని చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టి పెట్టేది. కుర్చీ పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వుకుంటూ అదే కుర్చీలో కాసేపు కూర్చునేవాళ్ళు. ఒకావిడ తన పిల్లల గురించి చెప్పింది. ఒక పెద్దాయన తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు. అతను అల్లుతూ వినేవాడు. వింటూ ఎడమ చేయి బల్ల కిందకి పోనిచ్చేవాడు. అక్కడ రేకు డబ్బాలో బన్ను ముక్కలు ఉండేవి. ఆ చేతిని ఎవరూ చూడలేదు. చూడవలసిన దొర ఒక్కడే చూసేవాడు.

ముచ్చట ముదిరింది. గుమ్మం దగ్గర పడుకునే కుక్క ఇప్పుడు పళ్ళు చూపించసాగింది. గ్యాసు బండ తెచ్చినవాడి ప్యాంటు చిరిగింది. పార్సిలు ఇచ్చి వెళ్ళిపోతున్న అమ్మాయి మడమ పట్టింది. తోలు తెగలేదు కానీ ఆ అమ్మాయి ఆ తర్వాత పార్సిళ్ళు కిటికీలోంచి విసిరేది. ఒక సెలవు రోజున అక్క పిక్క మీద పంటి గాట్లు పడ్డాయి.

"ఇది ముద్దా, ముచ్చటా? కట్టెయ్యరా దీన్ని!"

"ఆడుకుంటున్నాడక్కా."

"ఆడుకుంటున్నాడా? నీ పిక్క ఇచ్చి ఆడుకోమను! నిన్ను అనాలి. నీ నెత్తినెక్కించుకుని వాణ్ణి దొరని చేశావు. రేపు ఎవరైనా మీదపడి అడిగితే ఏం సమాధానం చెప్తావు? ఎల్లుండి రమ్మంటావా?"

కోపంలో అక్క వెళ్ళడం మరిచిపోయింది. కూర్చుని చాలాసేపు తిట్టింది. చిన్నప్పుడు అతను చేసిన తప్పుల దగ్గరనుంచి ఎత్తుకుంది, మధ్యలో అమ్మ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది, టీ పెట్టుకుని తాగింది. ఇక ముక్క వేయకూడదని అతను ఆ రోజు గట్టిగానే అనుకున్నాడు. కానీ తిట్లు కూడా మాటలే కదా. అక్క వెళ్ళాక డబ్బా మూత తీశాడు.

ఆ తర్వాత దర్జీ విషయం జరిగింది.

టీ ఇంకా సగం ఉండగా దర్జీకి కూతురు ఫోను చేసింది. అమ్మ స్నానాలగదిలో జారిపడింది, లేవలేకపోతోంది, రమ్మంది. దర్జీ "సరే మరి" అనలేదు. గ్లాసు ఒలికింది కూడా చూసుకోకుండా ఒక్క ఉదుటున లేచి గుమ్మం వైపు పరిగెత్తాడు. దొర అడ్డం వచ్చాడు. దర్జీ కాలితో పక్కకి నెట్టాడు.

ఈసారి గాటు కాదు. దొర పిక్క పట్టుకున్నాడు, వదల్లేదు. దర్జీ అరుపుకి మేడ మీద ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది. అతను కుక్కని మెడ పట్టీతో లాగుతున్నాడు, "దొరా! దొరా!" అంటున్నాడు. దర్జీ తూలి కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు వదిలాడు దొర. మనిషి కూర్చున్నాడు, పని అయిపోయింది. మూతి నాక్కుంటూ నేరుగా అతని దగ్గరికి వచ్చి, బుద్ధిగా ఎదురుగా కూర్చుని, అతని ఎడమ చేతికేసి చూశాడు.

దర్జీ కూడా ఆ చేతికేసి చూశాడు. అలవాటు మీద అది అప్పటికే బల్ల కిందకి వెళ్ళి, డబ్బా మూత మీద ఉంది.

నేల మీద టీ, నెత్తురు. ఇంటావిడ తువ్వాలు తెచ్చి కాలికి చుడుతోంది. దర్జీ నొప్పికి పళ్ళు కొరుకుతూనే డబ్బా వైపు, కుక్క వైపు, మళ్ళీ అతని మొహం వైపు చూశాడు. ఇద్దరు ముగ్గురు పట్టి బయటికి తీసుకెళ్ళారు.

దర్జీ భార్యకి చీలమండ బెణికిందంతే. మొగుడికే పెద్ద కట్టు పడింది. మళ్ళీ కొట్టు తెరిచాడని తెలిశాక అతను వెళ్ళాడు. వీధి దాటడానికి మొహం చెల్లక అరుగు మీద చాలాసేపు నిలబడి, అప్పుడు వెళ్ళాడు. దర్జీ ఒక పేము స్టూలు మీద కూర్చుని, ఇంకో స్టూలు మీద కాలు చాపుకుని కాజాలు కుడుతున్నాడు.

"రా. కూర్చో. ఇక్కడ లేవబోతే ఎవరూ కరవరులే," అన్నాడు తలెత్తకుండా.

అతను నిలబడే ఉన్నాడు.

"కుట్లు వేస్తుంటే డాక్టరు ఏం చేస్తారని అడిగాడు. దర్జీనండీ అన్నాను. అయితే నా కుట్టు ఎలా ఉందో చూసి చెప్పండి అన్నాడు. చేతిపని బాగానే ఉంది, దారమే మంచిది కాదన్నాను." దర్జీ తన మాటకి తనే కొంచెం నవ్వాడు. తర్వాత సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు. "ఎన్నాళ్ళుగా పెడుతున్నావురా దానికి?"

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీ అంటే? వాన రోజునుంచా?"

అతను తల ఊపాడు.

"నేను నవ్వుకుంటూ ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పేవాణ్ణి. కుక్కకి నేనంటే ఎంత ప్రాణమో చూడు, వదలదు అని." దర్జీ అప్పుడు తలెత్తాడు. "నీకు నోరుంది కదరా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇంకాసేపు ఉండరా అని ఉంటే ఉండేవాణ్ణి కాదూ? ఆ మాట అనడానికి కుక్క కావలసొచ్చిందా నీకు?"

చెప్పాలని అతని నోటిదాకా వచ్చింది ఏదో. కానీ బయటికొచ్చింది మాత్రం వేరే మాట. "ఈ స్టూలు అల్లిక వదులైంది. పంపించు, వేసిస్తాను."

దర్జీ మళ్ళీ సూది తీసుకున్నాడు.

"కాలు మాననీ. చూద్దాం."

ఆ సాయంత్రమే ఇంటావిడ మెట్లు దిగి వచ్చింది. లోపలికి రాలేదు, కిటికీ దగ్గరే నిలబడింది. "కుర్చీలాయనా, నీ అంత నెమ్మదైన మనిషి అద్దెకి దొరకడు, నాకూ తెలుసు. కానీ ఇది మాటిమాటికీ జరగనిచ్చే వ్యవహారం కాదు. ఇంకొకర్ని కరిచిందంటే మునిసిపాలిటీ మనుషులొచ్చి పట్టుకుపోతారు, పట్టుకుపోయి సూది వేసి చంపేస్తారు. అప్పుడు ఏడ్చి లాభం లేదు. వాణ్ణి ఉంచుకోవాలో, బతికించుకోవాలో ఆలోచించుకో."

అతను డబ్బా తీసి చెత్తలో పడేశాడు. ముక్కలు ఆగిపోతే దొర మానేస్తాడనుకున్నాడు. దొరకి మరోలా అర్థమైంది. తన పని సరిపోవడం లేదనుకున్నాడు కాబోలు, ఇంకా పట్టుదలగా చేయసాగాడు. మనిషి లేవకముందే, కుర్చీలో కదిలితేనే గుర్రుమనేవాడు. చేసి, వచ్చి, చేతికేసి చూసేవాడు. ఖాళీ చేయి చూసి మళ్ళీ వెళ్ళేవాడు. చివరికి వెనక గదిలో గొలుసేసి కట్టేయాల్సొచ్చింది. గొలుసున్నంత మేరా తిరిగి తిరిగి నేల మీద అర్ధచంద్రంలా జాడ పడింది. తిండి మానేశాడు. వీధిలో జనం కుర్చీలు అరుగు కిందే దింపి అక్కణ్ణుంచే అరిచి అడిగేవాళ్ళు. "ఎల్లుండి" అని ఇతనూ అరిచేవాడు. కుక్క రాకముందుకన్నా ఇల్లు ఖాళీ అయింది.

"ఇచ్చెయ్యరా," అంది అక్క ఫోనులో. ఈసారి తిట్టలేదు. అందుకే అతనికి భయమేసింది.

బావ గొర్రెలాయనతో మాట్లాడాడు. కరిచే కుక్కని ఎవరూ తీసుకోరు, అయినా తన ఇంట పుట్టింది కాబట్టి చూస్తానన్నాడట. ఒకటే షరతు, అది ఆయన మాటల్లోనే చెప్పాడు బావ. "కుక్క ఎవరికోసం పని చేస్తోందో ఆ మనిషి దాని కంట పడకూడదు. చూడ్డానికి వస్తానంటే కుదరదు. వచ్చాడంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"ఎన్నాళ్ళు?" అని అడిగాడతను.

బావ లారీ అద్దం తుడుస్తూ, "అది నేను అడగలేదోయ్," అన్నాడు.

లారీలో దొర ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఊరు దాటాక అతను మాట్లాడటం మొదలుపెట్టాడు. బావ మొదట తనతోనే అనుకున్నాడు, కాదని తెలిసి రోడ్డు చూస్తూ ఊరుకున్నాడు. అక్కడ గొర్రెలు చాలా ఉంటాయని, కుర్చీల్లా ఊరికే నిలబడవని, మెత్తగా తోలాలని చెప్పాడు. తన గురించి కూడా చెప్పాడు. చిన్నప్పుడు ఇంటికి చుట్టాలొస్తే, వాళ్ళు వెళ్ళకుండా చెప్పులు దాచేవాణ్ణని, నాన్న చూసి కొట్టాడని చెప్పాడు. ఇన్నేళ్ళలో అతను ఇంత పొడుగ్గా మాట్లాడటం బావ వినలేదు. దొర చెవులు నిక్కబొడుచుకుని, కిటికీలోంచి వెనక్కి పోతున్న చెట్లని ఒక్కొక్కటిగా చూస్తున్నాడు.

గొర్రెలాయన దొడ్డి రోడ్డుకి బాగా పైన ఉంది. చుట్టూ రాతి గోడ. లారీ చప్పుడుకి కుక్క బెదురుతుందని బావ బండిని కిందే ఆపాడు. ఇద్దరే, అతనూ దొరా, రాళ్ళ దారి ఎక్కారు. గొర్రెలాయన పొట్టి మనిషి, మాట తక్కువ. అతన్ని కుశలం అడగకుండా ముందుగా కుక్క ఎదుట గొంతుక్కూర్చుని, దాని కళ్ళలోకి కాకుండా పక్కకి చూస్తూ చేయి వాసన చూపించాడు.

"పట్టీ నాకివ్వండి. మీరు ఆ గోడ వెనక్కి వెళ్ళండి. పిలవకండి."

"ఒక్క మాట చెప్పి..."

"చెప్తే మీకు బాగుంటుందండీ. దానికి బాగోదు."

అతను పట్టీ ఇచ్చాడు. తల నిమరబోయి, ఆ చేయి ఎడమ చేయని చూసుకుని, వెనక్కి తీసుకున్నాడు. మామూలుగా, ఏదో వస్తువు మరిచిపోయినవాడిలా నడుచుకుంటూ గోడ మలుపు తిరిగాడు.

రాళ్ళ సందులోంచి దొడ్డి కనిపిస్తోంది. గొర్రెలాయన తలుపు తీసి దొరని వదిలాడు. అన్ని గొర్రెల్ని ఒక్కసారి చూసి దొర నేలకి అంటుకుపోయాడు. ఒక ముసలి గొర్రె గుంపులోంచి విడిపోయి గోడవారన నడవసాగింది. అంతే. దొర విశాలంగా చుట్టు తిరిగి వెళ్ళాడు. పని గదిలో ఎప్పుడూ అంత చోటు లేదు. గొర్రెని చేరుకుని కాలు పట్టబోతే గొర్రెలాయన కర్ర అడ్డం పెట్టాడు. దొర ఆగాడు, మళ్ళీ చుట్టాడు. గొర్రె గుంపులో కలిసింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు దొర. గొర్రెలాయన వైపు కాదు. తలుపు వైపు, వచ్చిన దారి వైపు, గోడ పొడుగునా ఇటు నుంచి అటు. ఒక కాలు పైకెత్తి నిలబడి వెతుకుతున్నాడు. గోడ వెనక అతను నోరు తెరిచాడు. ఆ పేరు నాలుక చివరే ఉంది. ఎంతోమందితో అనవలసి ఉండి అనని మాటలన్నిటికన్నా అది తేలికగా వచ్చేది. పెదవులు బిగించుకుని ఇంకా కిందకి వంగాడు.

గొర్రెలాయన ఈల వేశాడు. దొర కదల్లేదు. మళ్ళీ వేశాడు. ఈసారి చెవి ఒకటి తిరిగింది, తర్వాత తల, తర్వాత ఒళ్ళంతా. గొర్రెల వైపు పరుగు అందుకున్నాడు.

గోడ ఇవతల అతను చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు. గులకరాళ్ళు చప్పుడు చేయకుండా, అడుగు తడుముకుంటూ, వట్టికాళ్ళతో కిందికి దిగిపోయాడు.